నీకేం పని వచ్చు అని అడిగే పరీక్ష

నాలుగేళ్ల సైనిక ఉద్యోగానికి పెట్టే అగ్నివీర్ దరఖాస్తులో అభ్యర్థి తనకు అర్హత ఉన్న విభాగాల్లో రెండింటిని ఎంచుకోవచ్చు. పదాతిదళం వంటి పోరాట విధులకు జనరల్ డ్యూటీ, యంత్రాల పనికి టెక్నికల్, క్లర్కు లేదా స్టోర్ కీపరు, ట్రేడ్స్‌మన్. నాలుగేళ్లు ఏ పని చేయాలి, ఆ తర్వాత ఏ పని తెలిసినవాడిగా ఇంటికి తిరిగి రావాలి అన్నది చాలావరకు ఆ గడి దగ్గరే తేలిపోతుంది. దాన్ని నింపేవాడికి అప్పటికి పదిహేడున్నర, పద్దెనిమిదేళ్లు.

నేను పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక జూనియర్ కళాశాలలో ఫిజిక్సు చెబుతాను. సైన్యంలో చేరడం మా ప్రాంతానికి కొత్త కాదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని ఇప్పటికీ మిలిటరీ మాధవరమనే పిలుస్తారు. భర్తీ ప్రకటన వచ్చిన ప్రతిసారీ పిల్లలు వచ్చి "సార్, ఏవి పెట్టమంటారు?" అని అడుగుతారు. వాళ్ల లెక్కలు వింటుంటే నాకు దిగులు కలుగుతుంది. పోటీ దేనికి తక్కువ, కటాఫ్ దేనికి తగ్గింది, పెద్దమ్మ కొడుకు ఎందులో చేరాడు, మైదానంలో పరుగు నేర్పే మాస్టారు ఏమన్నారు. ఆ పని తనకు నప్పుతుందా లేదా అన్న ప్రశ్న ఆ లెక్కల్లోకి రాదు. వాళ్ల తప్పేమీ లేదు. తనకు ఏది నప్పుతుందో తెలుసుకునే అవకాశం ఆ వయసువాడికి మన బడిగానీ, కళాశాలగానీ ఎన్నడూ ఇవ్వలేదు.

సైన్యం ఇవ్వగలదని నా నమ్మకం. ఇవ్వాలని నా వాదన. వచ్చిన వాళ్లలో ఎవరిని తీసేయాలో చెప్పడానికి మనకు పరీక్షలు చాలానే ఉన్నాయి. తీసుకున్నవాడిని ఎక్కడ ఉంచాలో చెప్పే పరీక్ష కావాలి. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల ఎంత అనర్థం జరిగిందో, వేరు చేసి చూసినప్పుడు ఎంత మేలు జరిగిందో తెలుసుకోవాలంటే అమెరికా సైన్యం అనుభవాన్ని చూడాలి. నూరేళ్లకు పైగా ఈ పని చేస్తున్న సైన్యం అది.

1917 ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. చిన్న సైన్యం కొద్ది నెలల్లో లక్షల సైన్యం కావాలి. ఆ నెలలోనే కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో కూర్చుని, తమ శాస్త్రం యుద్ధానికి ఎలా పనికొస్తుందని చర్చించారు. అక్కడే ఇద్దరికి చెడింది. ఒకరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం అధ్యక్షుడు రాబర్ట్ యర్క్స్. మరొకరు వాల్టర్ డిల్ స్కాట్, వ్యాపార సంస్థలకు సేల్స్‌మన్‌లను ఎంపిక చేసే పద్ధతులు రూపొందించిన మనిషి. స్కాట్, ఆయన సహచరుడు వాల్టర్ బింగమ్ ఆ సమావేశం నుంచి లేచి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఎవరి దారిన వాళ్లు సైన్యంలోకి వెళ్లారు, ఎవరి పద్ధతి వాళ్లు పెట్టారు.

యర్క్స్ బృందం తెలివిని కొలుస్తానంది. చదువొచ్చిన వాళ్లకు ఆల్ఫా అనే పరీక్ష, రానివాళ్లకు బొమ్మలతో బీటా అనే పరీక్ష. పదిహేడు లక్షల మందికి పైగా రాశారు. ఎ నుంచి ఇ దాకా అక్షరాలతో శ్రేణులు. ఆ ప్రశ్నలు చదివినప్పుడు నాకు మన గ్రామీణ విద్యార్థులే కళ్లముందు మెదిలారు. క్రిస్కో అంటే మందా, క్రిమిసంహారిణా, టూత్‌పేస్టా, ఆహార పదార్థమా? అది అప్పట్లో అమెరికా మార్కెట్లో అమ్మే వంట కొవ్వు. ఫలానా బేస్‌బాల్ ఆటగాడికి దేనివల్ల పేరొచ్చింది? అక్షరం రానివాళ్ల కోసమని పెట్టిన బీటాలో, టెన్నిస్ కోర్టు బొమ్మ చూసి అందులో వల లేదని పట్టుకోవాలి. ఇటలీ నుంచో పోలండ్ నుంచో వచ్చి గనిలో పనికి కుదిరినవాడు టెన్నిస్ కోర్టు ఎక్కడ చూసి ఉంటాడు? ఆ దేశంలో ఎన్నేళ్ల నుంచి ఉంటున్నాడు, ఎంత చదివాడు అన్నదాన్ని కొలిచి, దానికి తెలివి అని పేరు పెట్టారు.

అక్కడితో ఆగలేదు. ఆ అంకెల్నే పట్టుకుని 1923లో కార్ల్ బ్రిగమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఉత్తర ఐరోపా జాతులవారే తెలివైనవారని, తక్కినవారు తక్కువని ఒక పుస్తకం రాశాడు. అమెరికా కళాశాలల్లో ప్రవేశానికి ఇప్పటికీ రాస్తున్న శాట్ పరీక్షకు మొదటి రూపం ఇచ్చింది ఈయనే. 1930లో తన నిర్ధారణలు చెల్లవని తానే ప్రకటించాడు. అప్పటికే జరగవలసిన నష్టం జరిగిపోయింది.

స్కాట్ అడిగిన ప్రశ్న వేరు. నువ్వెంత తెలివైనవాడివి అని అడగలేదు, నీకేం పని వచ్చు అని అడిగాడు. కొత్తగా చేరిన ప్రతివాడికీ ఒక కార్డు. ఏ పని చేశాడు, ఎన్నేళ్లు చేశాడు, ఏం చదివాడు, ఏ యంత్రం నడపగలడు, అన్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగి రాశారు. ముప్పై లక్షలకు పైగా సైనికుల వివరాలు అలా కార్డులకెక్కాయి. ఫలానా రెజిమెంటుకు ఇంతమంది వడ్రంగులు, ఇంతమంది తంతి పనివాళ్లు కావాలంటే కార్డులు తీసి పంపేవారు.

కానీ మనిషి నోటిమాటనే నమ్మితే ఎలా? వడ్రంగినని చెప్పుకున్న ప్రతివాడూ వడ్రంగి కాడు. అందుకే స్కాట్ బృందం ట్రేడ్ టెస్టులు తయారుచేసింది. నాకు ఈ చరిత్ర మొత్తంలో ఎక్కువ నచ్చిన భాగం ఇదే. మొదట కొన్ని నోటి ప్రశ్నలు. చదువుతో నిమిత్తం లేకుండా, ఆ పని చేసినవాడికి మాత్రమే జవాబు తెలిసే ప్రశ్నలు. తర్వాత పనిముట్ల బొమ్మలు చూపించి అడగడం. చివరికి చేతికి పని ఇచ్చి చేయించడం. ప్రశ్న మంచిదా కాదా అన్నది కూడా ఊహించి తేల్చలేదు. ఆరితేరిన పనివాళ్లను, నేర్చుకుంటున్నవాళ్లను, ఏమీ రానివాళ్లను కూర్చోబెట్టి అడిగారు. ఆ ముగ్గురినీ వేరు చేయలేని ప్రశ్నను తీసి పారేశారు. బల్ల వెనక కూర్చున్న ఆఫీసరుకు ఆ పని గురించి ఏమీ తెలియకపోయినా, ఎదురుగా ఉన్నవాడు కొత్తవాడా, సహాయకుడా, పనివాడా, నిపుణుడా అని కొద్ది నిమిషాల్లో తేల్చగలిగేవాడు. యుద్ధం ముగిశాక సైన్యం స్కాట్‌కు విశిష్ట సేవా పతకం ఇచ్చింది. చరిత్ర పుస్తకాల్లో మాత్రం యర్క్స్ పేరే పెద్దగా మిగిలింది. మనుషుల్ని పైనుంచి కిందికి వరస పెట్టే అంకెకున్న ఆకర్షణ అలాంటిది.

పరీక్షలే వద్దు, పాత పద్ధతే మేలు అనేవాళ్లకు ఒక మాట చెప్పాలి. పాత పద్ధతి అంటే ఏమిటో తెలుగువాళ్లకు బాగా తెలిసి ఉండాలి. ఈస్టిండియా కంపెనీ తొలినాళ్ల సైన్యాల్లో తెలుగు సిపాయిలు ఎంతమంది ఉండేవారంటే, బెంగాల్లో సిపాయికే 'తెలంగా' అని పేరు పడింది. 19వ శతాబ్దం చివరికి వచ్చేసరికి, ముందు మద్రాసు సైన్యానికి, తర్వాత మొత్తం భారత సైన్యానికి అధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్ వంటివారు, దక్షిణాదివాళ్లలో యుద్ధ స్వభావం లేదని, పోరాడేది ఉత్తరాది 'యుద్ధ జాతులే'నని తేల్చారు. మద్రాసు సైన్యం కుంచించుకుపోయింది. తెలుగువాళ్ల భర్తీ బాగా పడిపోయింది. ఒక్క మనిషిని కూడా విడిగా పరీక్షించకుండా, పుట్టుకను చూసి లక్షల మందికి తీర్పు చెప్పారు. ఆల్ఫా పరీక్షకు ఎన్ని లోపాలున్నా, కనీసం ఒక్కొక్క మనిషిని విడిగా చూడాలనే ఆలోచన అందులో ఉంది. బ్రిగమ్ చేసిన అన్యాయమల్లా ఆ ఆలోచనను మళ్లీ పుట్టుక దగ్గరికే లాక్కెళ్లడం.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి సైన్యం కొంత నేర్చుకుంది. బింగమ్ ఈసారి వర్గీకరణ పనికి ముఖ్య మనస్తత్వ నిపుణుడు. కొత్త సామాన్య వర్గీకరణ పరీక్షను కోటి మందికి పైగా రాశారు. దాని పేరులో తెలివి అనే మాట లేదు. వాయుదళంలో జాన్ ఫ్లానగన్ నడిపిన పని ఇంకా మెరుగైనది. విమానం నడిపే పైలట్, దారి చూపే నావిగేటర్, బాంబులు వేసే బాంబర్డియర్, మూడు పనులు, మూడింటికీ వేర్వేరు స్కోర్లు. రాతపరీక్షతో పాటు కర్ర, పెడల్ పట్టుకుని దీపాలను అనుసరించే యంత్రాల మీద కూడా పరీక్షలు. ప్రతి పనికీ తొమ్మిది అంచెలు. తమ పరీక్ష నిజమో కాదో చూసుకోవడానికి వాళ్లొక సాహసం చేశారు. వెయ్యి మందికి పైగా అభ్యర్థులను, వాళ్ల స్కోరు ఎంతయినా సరే, పైలట్ శిక్షణకు పంపేశారు. కింది అంచెలవాళ్లలో చాలా కొద్దిమందే గట్టెక్కారు. పై అంచెల్లో ఎక్కువమంది పైలట్లయ్యారు. పరీక్ష పెట్టేవాడు తన పరీక్షను ఇలా పరీక్షకు పెట్టుకోవాలి. మన దగ్గర ఏ ప్రవేశ పరీక్ష విషయంలోనైనా ఇలాంటి ధైర్యాన్ని చూడాలని ఉంది.

ఇప్పుడు అమెరికాలో నడుస్తున్నది ఆస్వాబ్ అనే పరీక్షల సముదాయం. 1968లో హైస్కూళ్లలో మొదలై, 1976 నుంచి అన్ని దళాలకూ ఉమ్మడి పరీక్ష అయింది. గణితం, పదసంపద, చదివి అర్థం చేసుకోవడం వంటి నాలుగు భాగాల నుంచి వచ్చే స్కోరు సైన్యంలోకి రావచ్చా లేదా అన్నది తేలుస్తుంది. ఎలక్ట్రానిక్స్, యాంత్రిక విషయాలు, వాహనాలు, విడిభాగాల కూర్పు వంటి మిగతా భాగాలను రకరకాలుగా కలిపి, ఏ పనికి ఎవరు తగినవారో చూస్తారు. కుర్రాడికి తన భాగాల స్కోర్లు తెలుస్తాయి. వాటికి సరిపోయే ఖాళీల్లో ఒకటి ఎంచుకుని ఒప్పందం మీద సంతకం పెడతాడు. ఖాళీలు లేకపోతే ఇష్టం లేని పని దొరకవచ్చు, సైన్యం అవసరమే ముందు. అయినా ఎంపికకు ముందు సమాచారం చేతికి వస్తుంది.

ఈ పరీక్షకు మన భాషతోనూ ఒక సంబంధం ఉంది. 2009లో మొదలై 2016 దాకా నడిచిన మావ్ని అనే పథకం కింద, గ్రీన్ కార్డు లేకపోయినా వీసా మీద ఉన్న విదేశీయులను కొన్ని భాషలు వచ్చినందుకు అమెరికా సైన్యంలోకి తీసుకున్నారు. ఆ భాషల జాబితాలో తెలుగు ఉంది. మామూలుగా చేరేవారికి 31 పర్సెంటైల్ చాలు, వీళ్లకు 50 రావాలి. అంటే తెలుగు వచ్చినందుకు తీసుకోదలచినవాడిని ముందు ఇంగ్లీషు పదసంపదలో నెగ్గి రమ్మన్నారు. అక్కడి సైన్యంలో పనిచేయాలంటే ఇంగ్లీషు కావాలి, కాదనను. కానీ అడుగుతున్న నైపుణ్యం ఒకటి, గుమ్మం దగ్గర కొలిచేది మరొకటి అయితే ఎవరు బయట మిగిలిపోతారో ఎప్పుడూ చూసుకుంటూ ఉండాలి.

అంకెను అతిగా నమ్మితే ఏమవుతుందో, అసలు లెక్కచేయకపోతే ఏమవుతుందో, రెండూ అమెరికా అనుభవంలోనే ఉన్నాయి. 1966లో రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారా ఏటా లక్ష మందిని తీసుకోవాలన్న 'లక్ష మంది పథకం' ప్రకటించాడు. స్కోరు చాలనందుకు అంతకుముందు తిప్పి పంపిన పేద యువకులను తీసుకుని, శిక్షణ ఇచ్చి, వాళ్ల బతుకు బాగుచేస్తానన్నాడు. 1971 దాకా మూడున్నర లక్షల మంది అలా చేరారు. వాళ్లలో మూడోవంతుకు పైగా నేరుగా పోరాట విభాగాల్లోకి వెళ్లారు. బయట బతుకుతెరువయ్యే విద్య నేర్పుతామన్న మాట చాలామంది విషయంలో గాలికి పోయింది. వియత్నాంలో వాళ్ల మరణాల రేటు తోటివారికంటే ఎక్కువ. తక్కువ స్కోరు వచ్చినవాడిని తీసుకోవడం తప్పని నేననను. తీసుకున్నాక వాడికి ఏ పని సరిపోతుందో వెతక్కుండా, మనుషులు చాలనిచోటికి తోసెయ్యడమే నేరం.

మరో పక్కన 1976 నుంచి 1980 దాకా ఆస్వాబ్ మార్కులను పర్సెంటైల్‌గా మార్చే పట్టికలో పొరపాటు జరిగింది. అసలు రావలసిన దానికంటే ఎక్కువ స్కోరు పడింది. సైన్యం తన కొత్త సిబ్బందిలో పదోవంతు మాత్రమే కింది శ్రేణివాళ్లని అనుకుంది, నిజానికి దాదాపు సగంమంది. లెక్క ప్రకారం రాకూడనివాళ్లు లక్షల్లో లోపలికి వచ్చేశారు. తర్వాత వాళ్లెలా చేశారని పరిశీలిస్తే, చాలామంది తోటివాళ్లకు పెద్దగా తీసిపోకుండానే సేవాకాలం పూర్తిచేశారు. పరీక్ష అబద్ధమని దీనికి అర్థం కాదు. స్కోరు, పనితనం ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి గానీ, గేటు ఎక్కడ పెట్టాలన్న నిర్ణయం మనిషి చేసుకున్నదే.

ఆ దెబ్బతో అమెరికా సైన్యం 1980లలో ప్రాజెక్ట్ ఎ పేరుతో పెద్ద పరిశోధన చేయించింది. వేలమంది సైనికులను వాళ్ల పని చేస్తుండగా కొలిచారు. ట్యాంకు దగ్గర, మరమ్మతు షెడ్డులో, వైద్య సహాయంలో, నిజంగా చేయించి చూశారు. తేలినదేమిటంటే, ఆస్వాబ్ వంటి పరీక్షలు పనిలోని సాంకేతిక భాగాన్ని ఎవరు బాగా చేస్తారో చక్కగా చెబుతాయి. ఎవరు కష్టపడతారు, ఎవరు క్రమశిక్షణతో ఉంటారు, ఎవరు తోటివారికి అండగా నిలుస్తారు అన్నదానికి స్వభావాన్ని చూసే ప్రశ్నావళులు మెరుగ్గా దారి చూపుతాయి. ఒక్క అంకె మీద ఆధారపడకూడదని ఇంతకంటే గట్టిగా ఎవరు చెప్పగలరు?

ఇజ్రాయెల్ సైన్యంలో, తర్వాత నోబెల్ బహుమతి అందుకున్న డేనియల్ కానెమన్ ఇరవయ్యొక్కేళ్ల వయసులో ఇదే సమస్యను ఎదుర్కొన్నాడు. కొత్తవాళ్లతో కాసేపు మాట్లాడి 'వీడు పనికొస్తాడు' అని చెప్పే ఇంటర్వ్యూలు దేనికీ పనికిరావని తేలింది. ఆయన ఆరు లక్షణాలు ఎంచుకుని, ఒక్కోదానికీ గతంలో నిజంగా జరిగిన విషయాలే అడిగించి, ఒకటి పూర్తయ్యాక మార్కు వేసి, అప్పుడు రెండోదానికి వెళ్లమన్నాడు. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు కోపం వచ్చింది. ఫలితాలు మాత్రం మునుపటికంటే ఎంతో మెరుగుపడ్డాయి.

ఇక మన దగ్గరికి వస్తాను. మన సైన్యానికి ఈ శాస్త్రం తెలియదని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఢిల్లీలో రక్షణ మనస్తత్వ పరిశోధన సంస్థ ఉంది. ఆఫీసరు కాదలచినవాడిని సర్వీసెస్ సెలక్షన్ బోర్డు అయిదు రోజులు దగ్గర పెట్టుకుని చూస్తుంది. బొమ్మ చూపించి కథ రాయిస్తుంది, బృందంతో కలిపి అడ్డంకులు దాటిస్తుంది, కూర్చోబెట్టి మాట్లాడుతుంది. పైలట్ కాదలచినవాడికి కంప్యూటర్ మీద పెట్టే సామర్థ్య పరీక్ష జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు, అంత ఖచ్చితం. మరి జవానుకు? గంటసేపు, కొన్ని విభాగాలకు రెండు గంటలు, కంప్యూటర్ ముందు జనరల్ నాలెడ్జి, సైన్సు, లెక్కలు, రీజనింగ్. ఆ తర్వాత పరుగు, పుల్‌అప్‌లు, కొత్తగా చేర్చిన అడాప్టబిలిటీ పరీక్ష, వైద్య పరీక్ష. ఆఫీసరు మనసు తెలుసుకోవడానికి అయిదు రోజులు వెచ్చించే వ్యవస్థ, జవాను చేతికి ఏం వచ్చో తెలుసుకోవడానికి ఒక్క పూట కేటాయించలేదా?

ఈ మధ్య కొన్ని మంచి మార్పులు వచ్చాయి. రాతపరీక్ష తెలుగులోనూ రాయవచ్చు. 2023 నుంచి ఐటీఐ, పాలిటెక్నిక్ చదివినవారికి టెక్నికల్ విభాగంలో చోటు దొరికింది. కానీ నా దగ్గర చదివిన ఒక కుర్రాడి సంగతి చెబుతాను. వాళ్ల నాన్న వ్యవసాయ మోటార్లకు వైండింగ్ కడతాడు. ఈ పిల్లవాడు ఏడో తరగతి నుంచి ఆ కొట్టులోనే పెరిగాడు. కాలిపోయిన మోటారు వాసన చూసి ఏ కాయిల్ పోయిందో చెప్పగలడు. నా ప్రయోగశాలలో మీటర్లు పాడైతే బాగుచేసేది అతడే. ఇంటర్‌లో ఎంపీసీ మార్కులు టెక్నికల్‌కు కావలసినన్ని రాలేదు, ఐటీఐ సర్టిఫికెట్టు లేదు. కాబట్టి జనరల్ డ్యూటీకి పెట్టాడు. 1918లో స్కాట్ బల్ల ముందు కూర్చుని ఉంటే పది నిమిషాల్లో నిపుణుడని రాసేవారు. మన దగ్గర అతడి చేతుల్లో ఉన్న విద్యకు దరఖాస్తులో గడే లేదు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. చేయి తిరిగినవాళ్లనందరినీ వర్క్‌షాపులకు, చురుకైనవాళ్లనందరినీ సిగ్నల్స్‌కు పంపితే పదాతిదళంలో ఎవరు మిగులుతారు? రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాకు సరిగ్గా ఇదే కష్టం వచ్చింది. ఎక్కువ స్కోరువాళ్లను వాయుదళం పట్టుకుపోయిందని, పదాతిదళానికి మిగిలినవాళ్లు వస్తున్నారని భూసేనల అధిపతి లెస్లీ మెక్‌నేర్ పదేపదే మొరపెట్టుకున్నాడు. ఆయన బాధ న్యాయమైనది. నా జవాబు ఒక్కటే. పదాతిదళాన్ని మిగిలినవాళ్ల చోటుగా చూడటంలోనే తప్పుంది. చీకట్లో దారి గుర్తుపెట్టుకోవడం, నేలను చూసి దూరం అంచనా వేయడం, అలసిపోయినా తల చెదరకుండా ఉండటం, పక్కవాడిని వదలకపోవడం, ఇవన్నీ కొలవదగిన సామర్థ్యాలే. మా విద్యార్థుల్లో అవి పుష్కలంగా ఉన్నవాళ్లున్నారు, లెక్కల్లో వెనకబడినవాళ్లూ, ముందున్నవాళ్లూ. జనరల్ డ్యూటీకి కూడా తనదైన పరీక్ష పెట్టి, దానికి సరిపోయినందుకే తీసుకుంటున్నామని చెప్పగలిగితే ఆ పిల్లవాడు తలెత్తుకుని వెళతాడు.

అగ్నివీరులను చేర్చుకునే అగ్నిపథ్ పథకం వచ్చాక ఈ విషయం ఇంకా పదునెక్కింది. నాలుగేళ్ల తర్వాత ప్రతి నలుగురిలో ఒకరినే ఉంచుకుంటారు. మిగిలిన ముగ్గురు ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయసులో బయటికి వస్తారు. ఇంజను విప్పి కట్టడం నేర్చుకుని వచ్చినవాడికీ, ఆ అవకాశం దక్కనివాడికీ బయట దొరికే జీతంలో ఎంత తేడా ఉంటుందో చెప్పనక్కర్లేదు. పదిహేనేళ్లు పనిచేసి పింఛనుతో వచ్చే జవానుకు మొదట్లో పని సరిగా కుదరకపోయినా సర్దుకునే సమయం ఉండేది. నాలుగేళ్లవాడికి ఆ సమయం లేదు.

స్కోరు మనిషి నుదుటి రాత కాదనడానికి తాజా రుజువు కూడా ఉంది. 2022 ఆగస్టులో అమెరికా సైన్యం దక్షిణ కరొలైనాలోని ఫోర్ట్ జాక్సన్‌లో ఒక సన్నాహక శిక్షణ మొదలుపెట్టింది. స్కోరు కొద్దిలో తప్పినవాళ్లను తిప్పి పంపకుండా, గరిష్ఠంగా తొంభై రోజులు లెక్కలు, చదవడం నేర్పించి మళ్లీ రాయిస్తారు. ఎక్కువమంది కనీసం ఒక శ్రేణి పైకి వెళుతున్నారు. ఆ స్కోరులో బడి చేసిన లోటు ఎంత ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఉపాధ్యాయుడిగా ఈ సంగతి నాకు సంతోషాన్నీ, సిగ్గునూ ఒకేసారి కలిగించింది.

భర్తీ కార్యాలయాల వారిని నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. రాతపరీక్షలో ఏ భాగంలో ఎంత వచ్చిందో అభ్యర్థికి చెప్పండి. ఎంపికైనవాళ్లు శిక్షణ కేంద్రానికి చేరిన మొదటి వారంలో, సర్టిఫికెట్టు ఉన్నా లేకున్నా, పనిముట్లు చేతికిచ్చి ఒక పూట చూడండి. సికింద్రాబాద్‌లో సైన్యపు యంత్రాలను మరమ్మతు చేసే ఈఎంఈ విభాగం శిక్షణ కేంద్రమే ఉంది, ఆ పరీక్షలు తయారుచేయగల హవల్దార్లు అక్కడ ఎంతమందో. అందులో రాణించినవాడికి విభాగం మారే దారి తెరవండి. నాలుగేళ్ల తర్వాత వాళ్ల పనిని ఆ తొలివారపు స్కోర్లతో పోల్చి, పనికిరాని ప్రశ్నలను తీసెయ్యండి.

ఈలోగా మా వంతు మేం చేస్తున్నాం. దగ్గర్లోని ఐటీఐలో పనిచేసే మిత్రుడొకరు ఒప్పుకున్నారు. ఈసారి దరఖాస్తు పెట్టబోయే పిల్లలందరినీ ఒక ఆదివారం ఆయన షెడ్డుకు తీసుకువెళుతున్నాను. వైరింగ్ బోర్డు, విప్పేసిన డీజిల్ ఇంజను, ఒక సర్వే మ్యాపు, టైపింగుకు కంప్యూటర్, లెక్కచూసి పద్దు రాయడానికి ఓ గది నిండా సామాను. ప్రతి ఒక్కరూ అన్నిటి దగ్గరా కూర్చుంటారు. ఆ సాయంత్రం దరఖాస్తు తెరిచి, ఆ రెండు విభాగాల గురించి మాట్లాడుకుంటాం.